చదివి వినిపించని కరపత్రం

మనురేవాలో మా డైరీకి రోజూ ఉదయం పదింటికి సుబ్బరామయ్యగారు వచ్చేవారు. మేం వలస వచ్చిన ఈ దేశంలో డైరీ అంటే వీధి మూలన ఉండే చిల్లర కొట్టు. పాలు, బ్రెడ్డు, లోపల మాంసం కూరిన వేడి పైలు, లాటరీ టికెట్లు అన్నీ అమ్ముతాం. ఆయన కొనేది మాత్రం ఒక పేపరు, ఒక అరటిపండు. మిగతా గంటంతా ప్రశ్నలే. ఉత్తరాల డబ్బా మీద 'సర్క్యులర్లు వద్దు', అంటే ప్రకటన కాగితాలు వేయొద్దు అని స్టిక్కరు అంటించినవాళ్ళు ఎన్నికల కాగితాలు మాత్రం ఎందుకు తీసుకుంటారు? ఓటు పోస్టులో వేసే ఊళ్ళో దొంగ ఓటును ఎవరు పట్టుకుంటారు? అంత పెద్ద కారున్న మనిషి సూపర్‌మార్కెట్‌కు చెప్పుల్లేకుండా ఎందుకొస్తాడు? నాకు ముక్కు మీదే కోపం. పైలు పెట్టే గాజుపెట్టె తుడుస్తూ, మీరే వెళ్ళి అడగండి సార్ అనేదాన్ని. ఆయన నిజంగానే వెళ్ళి అడిగేవారు. ఒకసారి చెప్పుల్లేని మనిషిని అడిగి, అరగంట తర్వాత ఆయనతో కలిసి టీ తాగి వచ్చారు.

గుంటూరు కోర్టులో ముప్పై ఒక్క ఏళ్ళు అనువాదకుడిగా పనిచేసిన మనిషి. సాక్షి తెలుగులో చెప్పిందాన్ని ఇంగ్లిషులో పెట్టడం, జడ్జిగారు ఇంగ్లిషులో అడిగిందాన్ని తెలుగులో చెప్పడం. బూతులు తిట్టుకున్న కేసుల్లో కూడా ఒక్క బూతు మింగకుండా అనువదించేవాడినని గర్వంగా చెప్పేవారు. మాట వాళ్ళది, నేను నోరు మాత్రమే అనేవారు. అన్నిటికంటే ఆయనకు ఇష్టమైన పని వాంగ్మూలం చివరిది. రాసిందంతా సాక్షికి తిరిగి తెలుగులో చదివి వినిపించాలి. 'చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను' అని రాసి సంతకం పెట్టించాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే పైనున్నదంతా చిత్తుకాగితమేనట. చదివి వినిపించేటప్పుడు సాక్షి మొహం చూస్తే చాలు, ఎక్కడ అబద్ధం ఉందో తెలిసిపోతుందని నాకు కనీసం ఇరవైసార్లు చెప్పారు.

భార్య పోయాక ఎనిమిదేళ్ళ కిందట కూతురు స్పందన దగ్గరికి వచ్చారు. స్పందన వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సు. అల్లుడు అభినయ్‌కి గిడ్డంగిలో ఉద్యోగం. మనవరాలు అమృత ఇక్కడే పుట్టింది, ఇరవై ఏళ్ళు, యూనివర్సిటీలో చదువుతోంది. ఇక్కడ పుట్టిన పిల్లలందరిలాగే దానికి తెలుగు అర్థమవుతుంది, వచ్చీరానట్టు మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. తాతకు ఇంగ్లిషు సామెతలు విప్పి చెప్పేది అదే, చెప్పుల్లేని మనుషుల గురించి ఓపిగ్గా జవాబు చెప్పేదీ అదే. ఆ ఇంట్లో ఆయన ప్రశ్నలకు విసుక్కోని మనిషి అదొక్కటే.

ఈ మధ్య రెండేళ్ళుగా ఆయనకు అమెరికా రాజకీయాల పిచ్చి పట్టింది. పొద్దస్తమానం ఫోన్‌లో అవే. ముఖ్యంగా ఒక సంగతి ఆయన బుర్రను తొలిచేసేది. మగవాణ్ణి ప్రేమించిన మగవాడికీ, ఆడపిల్లను ప్రేమించిన ఆడపిల్లకూ వ్యతిరేకంగా సభల్లో గొంతు చించుకునే నాయకులు కొందరు పెద్ద నగరాల్లో చందాల విందుకు వెళ్ళినప్పుడు వాళ్ళ పక్కనే నిలబడి ఫొటోలు దిగుతారట. చట్టం మాత్రం వాళ్ళ మీదే చేస్తారట. సుబ్బరామయ్యగారికి దాని మీద కోపం వచ్చేది కాదు, కుతూహలం పుట్టేది. అలాంటివాడు ఇంటికెళ్ళి అన్నం ఎలా తింటాడు, తనకు తాను ఏమని చెప్పుకుంటాడు అని నన్నడిగేవారు. నాకేం తెలుసు సార్, నేను పైలు అమ్ముకునేదాన్ని అనేదాన్ని.

అలాంటివాడు మా వీధిలోనే ఉన్నాడని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

కిషన్‌రావుది మా వైపే, తెలంగాణ. ఇళ్ళు అమ్మించే ఏజెంటు. మా కొట్టున్న గది కూడా ఆయనదే. మొన్న వసంతకాలంలో ఇక్కడి స్థానిక బోర్డు ఎన్నికలకు నిలబడ్డాడు. కంచెల మీద ఆయన నిలువెత్తు ఫొటోలు వెలిశాయి. ఇంద్రధనుస్సు జెండాల పండగ జరిగినప్పుడు కోటుకు రంగుల బ్యాడ్జీ పెట్టుకుని వెళ్ళి, ఎవరు ఎవరిని ప్రేమించినా ఈ ఊళ్ళో వాళ్ళు తలెత్తుకుని బతకాలని మాట్లాడాడు. ఆయన ఇంగ్లిషు కరపత్రంలో కూడా ఆ మాటే ఉంది. మన తెలుగువాళ్ళలో అంత బాహాటంగా అన్న మగవాణ్ణి నేను చూడలేదు, నిజంగానే మెచ్చుకున్నాను. అమృత వెళ్ళి ఆయన ప్రచారంలో చేరింది. నీలం రంగు టీషర్టు వేసుకుని సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి డబ్బాల్లో కాగితాలు వేసేది.

తెలుగులో కూడా కరపత్రం కావాలని కిషన్‌రావు సుబ్బరామయ్యగారిని అడిగాడు. ఎనిమిదేళ్ళ తర్వాత చేతికి పని దొరికిందని ఆయన పొంగిపోయారు. రెండు రోజుల్లో చేసిచ్చారు. మూడో రోజు కిషన్‌రావు ఫోన్ చేసి, ఇంద్రధనుస్సు పేరా తీసేసి దాని బదులు ఇంకొకటి పెట్టాలని చెప్పాడు. అమెరికాలో ఉన్న బావమరిది పంపిన ఏదో ప్రచారం వీడియో ముందు పెట్టుకుని ఒక్కో మాటా చెబుతుంటే, ఈయన కలం పట్టుకుని రాసుకున్నారు. ఇల్లు, కాపురం, పిల్లల గురించి నాలుగు వాక్యాలు. కోర్టులో హంతకుడి మాటలు రాసినట్టే రాశారు. పైగా సానబెట్టారు.

వెయ్యి కాపీలు వచ్చాయి. కింద చిన్న అక్షరాలతో 'అనువాదం: సుబ్బరామయ్య' అని ఉంది. ఒక కట్ట నా కౌంటర్ మీద పెట్టించాడు కిషన్‌రావు. నేను చదివాను. ఆ నాలుగు వాక్యాలు ఇవి:

'కాపురం మన జాతికి పునాది. ఆడది ఆడదానితో, మగాడు మగాడితో కాపురం చేసే కొత్త జబ్బు ఇప్పుడు బడుల్లోకి వస్తోంది. ఇంటికి పట్టిన ఈ చెదను ఈ రోజే దులపకపోతే రేపు ఇల్లే ఉండదు. నన్ను గెలిపిస్తే మన పిల్లల దరిదాపుల్లోకి దాన్ని రానివ్వను.'

దాచడం దేనికి, చదివి నాకేమీ అనిపించలేదు. పెద్దాయన తెలుగు ఎంత బాగా రాశారో అనుకున్నాను. ఇంగ్లిషు దాంట్లో ఇలా లేదే అని ఒక్క క్షణం అనిపించింది. ఇంతలో ఎవరో పాలకు వచ్చారు.

నాలుగో రోజు అమృత మా కొట్టుకొచ్చింది. చల్లగాలికి ముక్కు ఎర్రబడింది, భుజాన కాగితాల సంచి. కౌంటర్ మీద తాత పేరున్న కాగితం తీసి వేలితో తడిమింది. తను మూడొందల ఇళ్ళకు వేసిందట. "ఆంటీ, తాత రాసింది కదా, ఒకసారి చదవరా? నాకు అర్థమవుతుంది, చదవడమే రాదు" అంది.

మొదలుపెట్టాను. రోడ్లు, బస్సులు, పార్కు, చెత్తబుట్టలు. అది వింటూ నవ్వుతోంది. మధ్యలో ఆపి, ఈ ప్రచారంలో ఎందుకు చేరిందో తనంతట తానే చెప్పింది. తనూ హానా అనే అమ్మాయీ రెండేళ్ళుగా ప్రేమించుకుంటున్నారు. మన వాళ్ళలో ఒక అంకుల్ స్టేజీ ఎక్కి అది తప్పు కాదని చెప్పడం మొదటిసారి చూసిందట. ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చిందట. "మీ కౌంటర్ మీద ఇది పెట్టారంటే మీరూ మా సైడే కదా ఆంటీ, అందుకే చెప్తున్నా" అంది.

కాగితం మళ్ళీ అందుకున్నాను. ఆ నాలుగు వాక్యాలూ దాటేసి, కింద ఫోన్ నెంబరు చదివేశాను. భలే ఉంది తాత తెలుగు అని సంబరపడి, ఇంకో కట్ట సంచిలో వేసుకుని వెళ్ళింది. తనని చెద అని తిట్టే కాగితాన్ని తన చేత్తోనే పంచుతోంది ఆ పిల్ల. ఆ పూట ఇద్దరికి చిల్లర తప్పిచ్చాను.

మర్నాడు పదింటికి సుబ్బరామయ్యగారు వచ్చి పేపరు తీసుకుని ఏదో అమెరికా సెనేటరు సంగతి ఎత్తుకున్నారు. నాకు కోపం ఆగలేదు. ఆ పిల్ల నమ్మి చెప్పిన మాట బయటపెట్టకూడదని తెలుసు. అందుకని కాగితం ఆయన ముందు తోసి ఒక్కటే అడిగాను.

"ఈ పేరా అమృతకు చదివి వినిపిస్తరా సార్?"

ఎందుకమ్మా అన్నారు. చదివితే మీకే తెలుస్తది అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని తను రాసిందే మొదటిసారి చూస్తున్నట్టు చదివారు. చాలాసేపు పట్టింది. తలెత్తి నా మొహంలోకి చూశారు. ముప్పై ఒక్క ఏళ్ళు సాక్షుల మొహాలు చూసిన మనిషికి నేను నోరు విప్పాల్సిన పని పడలేదు.

"హానానా?" అన్నారు.

నేను తల వంచుకున్నాను. ఆదివారాలు ఆ ఇంటికి వచ్చి, ఆయనకు ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టి వెళ్ళే పిల్ల ఆమె. ఆయన గబగబా బయటికి నడిచారు. అరటిపండు కౌంటర్ మీదే మర్చిపోయారు.

అక్కడి నుంచి తిన్నగా కిషన్‌రావు ఆఫీసుకు వెళ్ళారట. కాగితాలు వెనక్కి తీసుకోమన్నారట. కిషన్‌రావు కుర్చీ వేసి కాఫీ తెప్పించి, ఏమీ దాచకుండా చెప్పాడట. తనకు ఎవరి మీదా పగ లేదు. పండగలో అన్నదీ ఓటు కోసమే, ఇదీ ఓటు కోసమే. అమెరికాలో ఇదే పద్ధతి, ఏ వీధికి ఆ మాట. ఆ తర్వాత అన్న మాటను సుబ్బరామయ్యగారు నాకు తు.చ. తప్పకుండా, ఆ యాసతో సహా చెప్పారు: "ఇంగ్లిష్‌ల ఉన్నది వాళ్ళకు సార్, తెలుగుల ఉన్నది మనోళ్ళకు. రెండూ చదివేటోడు ఎవడున్నడు?"

తానున్నానని ఈయన జవాబిచ్చారట. ఆ మాటకు కిషన్‌రావు నవ్వి, అనువాదం కింద పేరు కూడా మీదే ఉంది సార్ అన్నాడట.

ఇన్నాళ్ళూ ఫోన్‌లో వెతికిన మనిషి ఎదురుగా కూర్చుని కాఫీ ఇప్పించాడు. అతను అన్నం ఎలా తింటాడని ఈయన నన్నడిగేవారు కదా, సుఖంగానే తింటున్నాడు.

శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో అభ్యర్థులందరితో సభ. ఆ ఉదయం మా కొట్టు బయట బెంచీ మీద తాతా మనవరాలూ కూర్చున్నారు. నేను టీ తీసుకుని వెళ్ళేసరికి ఆయన ఒక్కొక్క వాక్యం వేలు పెట్టి చదువుతున్నారు, దాని వైపు చూడకుండా. నాలుగో వాక్యం అయ్యేదాకా అది కదలలేదు. తర్వాత చెద అంటే ఏంటని అడిగింది. చెక్కను తినే పురుగని చెప్పారు.

"ఆ వర్డ్ కిషన్ అంకుల్‌దా, నీదా?" అంది.

నేను దేవుణ్ణి తలుచుకున్నాను, ఈయన ఈ ఒక్కసారి అబద్ధం చెబితే బాగుండునని. ఆయన చెప్పలేదు.

"నాదేనమ్మా. ఆయన 'తప్పు' అనే మాట వాడాడంతే. అది చప్పగా ఉందనిపించి నేనే పెట్టాను."

అమృత లేచి టీషర్టు విప్పి బెంచీ మీద పడేసి, లోపలి బనియనుతో ఆ చలిలో నడుచుకుంటూ హానా ఉండే ఫ్లాట్ వైపు వెళ్ళిపోయింది. టీ అలాగే చల్లారింది. నాకు ఆయన మీద జాలి వేసింది, ఒళ్ళు మండింది కూడా. ముప్పై ఒక్క ఏళ్ళు నేను నోరు మాత్రమే అని గర్వపడ్డ మనిషి, నోరు కూడా కాటు వేస్తుందని తన మనవరాలి మీద తెలుసుకోవాల్సి వచ్చింది.

సభకు నేనే కారులో తీసుకెళ్ళాను. ప్రశ్నల సమయంలో ఒక సమోవా దీవుల కుర్రవాడు లేచి, తనలాగా మగవాణ్ణి ప్రేమించే పిల్లలను బళ్ళో ఏడిపిస్తున్నారు, మీరేం చేస్తారని అడిగాడు. కిషన్‌రావు బ్యాడ్జీ సర్దుకుని చక్కటి జవాబు చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే సుబ్బరామయ్యగారు లేచి నిలబడ్డారు. తాను ఈ అభ్యర్థి అనువాదకుణ్ణనీ, తమ కోర్టుల్లో రాసిన మాటను చెప్పినవాడికి తిరిగి చదివి వినిపించే ఆచారం ఉందనీ, ఆ పని చేయకుండా కాగితం బయటికి వదలడం తన తప్పనీ, ఇప్పుడు చేస్తాననీ ఇంగ్లిషులో చెప్పారు. తెలుగు కాగితం చేత్తో పట్టుకుని, ఆ నాలుగు వాక్యాలనూ ఇంగ్లిషులో చదివారు. బూతులు మింగని అనువాదకుడు ఇక్కడా ఏమీ మింగలేదు. చదివాక కిషన్‌రావు వైపు తిరిగి, ఇది సరేనని ఒప్పుకుంటారా అని అడిగారు.

హాల్లో తెలుగువాళ్ళం ముప్పై మందిమి ఉంటాం. అందరం బూట్లు చూసుకుంటున్నాం. కిషన్‌రావు నొచ్చుకున్నట్టు నవ్వి, అంకుల్ పెద్దవారు, అనువాదంలో ఎక్కడో పొరపాటు జరిగిందన్నాడు. అందులో పొరపాటేమీ లేదని ఈయన అన్నారు. చెప్పింది మీరు, పదును పెట్టింది నేను, ఇద్దరం ఒప్పుకోవాలన్నారు. ఇంతలో అధ్యక్షురాలు గంట కొట్టి, సమయం అయిపోయింది, పార్కింగు గురించి ప్రశ్న ఉందని చెప్పింది. అంతే. సినిమాల్లోలాగా ఎవరూ లేచి నిలబడలేదు. సమోవా కుర్రవాడు మాత్రం బయటికి వెళ్ళిపోయాడు. కిషన్‌రావు ఆ ఎన్నికలో గెలిచాడు కూడా.

నేను ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొస్తున్నాను. తలుపు దగ్గర గోడకు ఆనుకుని అమృతా హానా నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఆయన ఏదో అనబోతే అమృత ఆపింది. క్షమించానని చెప్పలేదు. ఏ ఏ ఇళ్ళకు వేశానో నాకు గుర్తుంది, రేపు నువ్వూ నాతో రావాలి అని మాత్రం చెప్పింది.

ఆదివారం ఉదయం వాళ్ళు మొదట వచ్చింది మా కొట్టుకే. ఆయన మోకాలికి పట్టీ కట్టుకున్నారు. కౌంటర్ ముందు నిలబడి, అమ్మా విజయా, ఈ కాగితంలో నేను రాసింది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అన్నారు. అమృత ముందుకొచ్చింది. ఆ వాక్యాన్ని దారి పొడుగునా అనుకుంటూ వచ్చినట్టుంది, ఒక్కో మాటా ఆచితూచి పలికింది.

"ఆంటీ, మీరు చదివింది నా గురించి."

తర్వాత కౌంటర్ వైపు చూసింది. కట్ట ఇంకా అక్కడే ఉంది. నేను దాటేసి చదివిన రోజు నుంచి మూడు రోజులు దాన్ని తీయలేదు. గది కిషన్‌రావుది కదా అనుకున్నాను, ఎన్నికలు అయిపోతే అదే పోతుంది కదా అనుకున్నాను.

"తెలిసి కూడ ఉంచిన బిడ్డా" అన్నాను.

అది తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కట్టను రెండు చేతులతో ఎత్తి సంచిలో వేసుకుంది.

"అమ్మకి లాస్ట్ ఇయరే చెప్పాను ఆంటీ" అంది. "అమ్మ తెలుగు బాగా చదువుతుంది. ఇది కూడా చదివింది. చదివి, తాత పేరుందని ఫ్రిజ్ మీద పెట్టింది."

సుబ్బరామయ్యగారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు. కూతురికి తెలుసన్న సంగతి ఆయన వినడం అదే మొదలు. తర్వాత ఎవరింటికి అని నెమ్మదిగా అడిగారు.

"మన ఇంటికే" అంది అమృత, ఆయన మోచెయ్యి పట్టుకుని.